ఎవరి పోలిక అని అడుగుతూ వచ్చాం

మా అమ్మాయికి పదేళ్లు నిండిన ఏడాది ఆగస్టులో, ఆమెకు వినికిడి తగ్గిపోతోందని మాకు తెలిసింది. అది మొదలై అప్పటికే ఐదేళ్లు దాటి ఉంటుందని పరీక్ష చేసినావిడ అన్నది. ఆ ఐదేళ్లూ మేము బిడ్డను పట్టించుకోలేదని మాత్రం ఎవరూ అనలేరు. ఒక్కతే సంతానం. ఇంట్లో నేను, నా భర్త, మా అత్తమ్మ, ముగ్గురం పెద్దవాళ్లం. ఏం తింటుంది, ఏం తిననంటుంది, ఏ రంగు అంటే ప్రాణం, ఎవరిని చూస్తే ముఖం ముడుచుకుంటుంది, అన్నీ చూశాం. నేను ఇరవై రెండేళ్లుగా ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. ఏ విషయమైనా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసి పెట్టుకోకపోతే నాకు తోచదు. అమ్మాయి ఇష్టాయిష్టాలకు కూడా అట్లాగే తేదీలు రాసుకున్నాను. ఆ తేదీలన్నీ ఇప్పటికీ సరిగ్గానే ఉన్నాయి. వాటి పక్కన రాసిన పేర్లే తప్పు.

అప్పట్లో మేము చిలకలగూడలో, రైలు పట్టాల వెనక సందులో, రెండో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. బండి వచ్చినప్పుడు మా ఇంట్లో మాట ఆగిపోయేది. మాట్లాడుతున్నవాళ్లు చెయ్యి కొద్దిగా పైకెత్తి, బండి వెళ్లేదాకా ఆగి, తెగిన చోటి నుంచే మళ్లీ అందుకునేవారు. చుట్టాలు చూసి నవ్వేవారు. గూడ్సు బండి అయితే అంతసేపు ఆగే ఓపిక ఎవరికీ ఉండదు కనుక చేతులతో, పెదవులతో పని కానిచ్చేవాళ్లం. మిగిలిన వేళల్లో కూడా మా మామూలు గొంతు బయటివాళ్లకు కేకలాగే ఉండేది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఎదుటి మనిషి నోరు చూసి మాట పట్టుకోవడం నడకతో పాటే నేర్చుకుంది. ఆమె చెవులు ఎంత పని చేస్తున్నాయో, కళ్లు ఎంత పని చేస్తున్నాయో అక్కడ విడదీసి చూడటం ఎవరి వల్లా అయ్యేది కాదు.

రెండో అలవాటు అత్తమ్మది. పిల్ల ఏం చేసినా అది ఎవరి పోలికో ఆమె తేల్చి చెప్పాలి. చెయ్యి తిప్పుతూ మాట్లాడితే మా మామగారి పోలిక. పులుపు అడిగితే మా అమ్మ పోలిక. పోలిక తేలిపోతే ఆ గుణానికి ఇక వేరే కారణం వెతకనక్కరలేదు. రక్తంలో ఉన్నది బయటికి వచ్చింది, అంతే. నాకూ ఆ మాట హాయిగానే ఉండేది.

మూడేళ్లు నిండినప్పటి నుంచి ఐదేళ్ల రెండు నెలల దాకా అమ్మాయి పాడింది. కూడితే ఇరవై ఆరు నెలలు. చెత్త బండి మైకులో వచ్చే పాట, గాలి వాటంగా ఉన్నప్పుడు స్టేషన్ నుంచి వినవచ్చే ప్రకటన, పాత సామాన్ల వాడి కేక, ఏది చెవిన పడితే అది రాగంతో సహా అప్పగించేది. అదే కాలంలో ఐదు నెలలు పసుపుపచ్చ గౌను తప్ప మరొకటి వేసుకోనన్నది. ఉతికి ఆరేసిన గౌను కింద నిలబడి అది ఆరేదాకా ఏడ్చేది. ఒక ఉదయం తనంతట తానే నీలం గౌను తీసి వేసుకుంది. ఆ తర్వాత పసుపుపచ్చ ఊసే లేదు. పిల్లల పట్టుదలలు వాటంతట అవే వచ్చి వాటంతట అవే పోతాయన్న పాఠం మాకు ఆ గౌను నేర్పింది. అప్పటి నుంచి ఏది వచ్చినా నా భర్త ఒకటే మాట అనేవాడు. “పోనియ్యవే, నాల్గు దినాలైతే అదే పోతది.”

ఐదేళ్ల రెండు నెలలకు పాట ఆగింది. ఒక్కసారిగా ఆగలేదు. ముందు పాటలో సన్నటి మాటలు జారిపోయాయి, తర్వాత రాగం చదునైంది, తర్వాత నోరు మూతపడింది. స్కూలు అనే మాట ‘కూలు’ అయింది. మేమూ ముద్దుగా కూలు అనే పిలిచాం. సిగ్గు పడే వయసు వచ్చిందని నేను రాసుకున్నాను.

ఆరేళ్ల వయసులో డప్పు మీద ఇష్టం పుట్టింది. ఆషాఢంలో బోనాల ఊరేగింపు వస్తే మిగతా పిల్లలు చెవులు మూసుకుని తల్లుల కొంగుల్లో దూరారు. మాది నా చెయ్యి విదిలించుకుని డప్పుల దగ్గరికి వెళ్లి, మోగుతున్న డప్పు అంచు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. డప్పు కొట్టే ఆయన నవ్వి వంగాడు.

“ఏం బిడ్డా, కొడ్తవా?”

అమ్మాయి తల ఊపింది. అంత సంతోషం ఆ ముఖంలో నేను మళ్లీ చూడలేదు. అత్తమ్మ తన మామను, అంటే నా భర్త తాతను, తలచుకుని పొంగిపోయింది. “మా మామ పోలిక, అచ్చం మా మామ! డప్పు మోగిందంటె పళ్లెంల అన్నం ఇడిసిపెట్టి ఉరుకుతుండె ఆయన.” ఆ వారమే నా భర్త ఒక చిన్న డప్పు కొనుక్కొచ్చాడు. బిడ్డకు ధైర్యం ఎక్కువని ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాం.

ఏడో ఏట ఆమెకు చీకటి గిట్టకుండా పోయింది. దీపం ఆర్పి కథ చెబుతుంటే వద్దనేది. “లైటేసి చెప్పు. చీకట్ల నాకు కథ నచ్చది.” భయమనుకుని చిన్న బల్బు పెట్టించాం. ఆ వెలుతురులో ఆమె నా పక్కన పడుకుని, నా గడ్డం పట్టుకుని ముఖాన్ని బల్బు వైపు తిప్పుకునేది. రాత్రికి రెండు మూడుసార్లైనా తిప్పేది. నేను దాన్ని గారాబమనుకున్నాను. ఆ చేతి వేళ్ల వెచ్చదనం కోసం కథ కొంచెం సాగదీసేదాన్ని కూడా.

ఎనిమిదో ఏట స్నేహాలు తగ్గాయి. మాట మొదలుపెట్టే ముందు చెయ్యి పట్టి లాగే అలవాటున్న ఒక పిల్ల ఉండేది. ఆ పిల్లతోనే మా అమ్మాయి కలిసిపోయింది. వాళ్ల నాన్న సైన్యంలో పనిచేసేవాడు. బదిలీ మీద వెళ్లిపోయారు. తర్వాత అమ్మాయి ఎవరినీ ఇంటికి తీసుకురాలేదు. బొమ్మలు వేసుకుంటూ కూర్చునేది. ఆ ఏడాది బళ్లో టీచర్ నన్ను పిలిపించింది.

“మేడమ్, పిల్ల హుషారే. కానీ పిలిస్తే పలకదు. తనకు మనసైతేనే పలుకుతది. డిక్టేషన్ చెప్తుంటే పక్క పిల్ల నోట్సులకు చూస్తది.”

ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ ఆశ్చర్యపోలేదు. తాంబూలం నములుతూ, “నేనెప్పుడో అనుకున్న. గిది మా చిన్న ఆడబిడ్డ పోలిక,” అన్నది. “ఆమె సుత గంతే. ఎన్నిసార్లు పిల్వు, పలుకది. పరమ మొండిది.”

ఆ ఆడబిడ్డ అంటే మా మామగారి చెల్లెలు. నేను కాపురానికి రాకముందే పోయింది. ఫోటో కూడా లేదు. పోలిక తేలింది కాబట్టి అమ్మాయి మొండిదని మేమూ ఒప్పుకున్నాం. మొండితనానికి మందు ఓపిక అని, కేకలు వేయకూడదని నిశ్చయించుకున్నాం.

తొమ్మిదో ఏట కొరియా సీరియళ్ల మీద పడింది. భాష రాదు, కింద అక్షరాలు చదువుతూ చూస్తుంది. తరగతిలో ఆడపిల్లలందరూ అవే చూస్తున్నారు కనుక అందులో వింత ఏమీ కనిపించలేదు. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తుంటే నా భర్త ఒకటే మెచ్చుకోలు. “చూసినవా, మన తలకాయ నొయ్యొద్దని సౌండ్ సుత బంద్ పెట్టింది. గింత బుద్ధిమంతురాలు ఎవరింట్ల ఉంటది?”

ఆమెకు పదేళ్లు నిండాక, మే నెలలో, మేము నేరేడ్‌మెట్‌కు ఇల్లు మారాం. రైళ్లు లేవు. సాయంత్రం ఐదు దాటితే వీధిలో కుక్క నడిచిన చప్పుడు కూడా తెలుస్తుంది. దిగిన మొదటి వారంలోనే పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగి చూసింది.

“ఏందక్కా, పొద్దుగాల నుంచి లొల్లి ఇనబడ్తున్నది. అన్నతోని కొట్లాటనా?”

“కొట్లాట కాదమ్మా, చాయ్ తాగుతవా అని అడిగిన.”

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. కానీ సిగ్గు పడ్డాం. జూన్ అంతా ముగ్గురం గొంతులు తగ్గించుకోవడం సాధన చేశాం. జూలైకి మాది కూడా మర్యాదస్తుల ఇల్లులా వినిపించసాగింది. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే అమ్మాయి మాతో మాట్లాడటం మానేసింది. పిలిస్తే పలకదు, అడిగినదానికి మరేదో చెబుతుంది, విసుగొస్తే తలుపు వేసుకుంటుంది. మాకు అప్పుడు కూడా కారణాలకు కొదవ లేదు. ఇల్లు కొత్త, బడి కొత్త, పదో ఏడు దాటింది, ఆడపిల్ల ఎదిగే వయసు. “జెర ఓపిక పట్టు, గది సుత ఒక దశ,” అన్నాడు నా భర్త.

ఆగస్టులో ఒక ఆదివారం కుక్కర్‌లో పప్పు పెట్టాను. వాన మబ్బు పట్టింది, మిద్దె మీద బట్టలున్నాయి. హాల్లో బొమ్మలు వేసుకుంటున్న అమ్మాయి ముందు నిలబడి, “మూడు విజిల్లు రాంగనె బంద్ చెయ్యి,” అని చెప్పి పైకి వెళ్లాను. ఎనిమిదో ఏటి నుంచీ అది ఆమె చేసే పనే. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. నేను దిగి వచ్చేసరికి మెట్ల మీదికే మాడు వాసన. కుక్కర్ కూస్తూనే ఉంది. అమ్మాయి వంటగది గోడకు ఇవతల, తలొంచుకుని రంగులు వేస్తోంది.

స్టవ్ ఆపి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను. “మూడు విజిల్లని చెప్పిన గదనే! ఎన్నొచ్చినయో తెలుసా?”

ఆమె నా ముఖం వైపు చూసింది. “ఈడికెల్లి కనబడది గదమ్మా.”

“కనబడుడేంది? ఇనబడలేదా?”

“కుక్కర్ ఇనబడ్తదా?”

ఎగతాళి లేదు, ఎదిరింపు లేదు. తెలియని విషయం తెలుసుకుందామని అడిగింది. తర్వాత, నేను అర్థం చేసుకోలేదేమోనని, చేత్తో చూపించింది. “మీద గుండు లేస్తది గదా. లేసి ఆవిరొస్తది. గవి లెక్కవెడ్త. పాతింట్ల కనబడుతుండె. ఈడ గోడ అడ్డమున్నది. అందరు గట్లనే చేస్తరు గదా?”

చిలకలగూడలో పొయ్యి మేముండే గది మూలనే ఉండేది. ఎక్కడ కూర్చున్నా కనిపించేది. నేను ఆమె వెనక్కి వెళ్లాను. ఇప్పుడిప్పుడే నేర్చుకున్న మర్యాద గొంతుతో పేరు పెట్టి పిలిచాను. తలెత్తలేదు. తాళాల గుత్తి ఆడించాను. రంగు పెన్సిలు మారుస్తోంది. పాత ఇంటి గొంతుతో అరిచాను. అప్పుడు తిరిగి, “ఏందమ్మా?” అన్నది.

మరుసటి రోజు సెలవు పెట్టి, ఇద్దరం ఆమెను చెవుల ఆసుపత్రికి తీసుకువెళ్లాం. గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు యంత్రం తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దానికి ఇవతల పరీక్ష చేసే ఆడియాలజిస్ట్, ఆమె వెనక మేము. అమ్మాయి నొక్కుతూనే ఉంది. నా భర్త నా మోచెయ్యి నొక్కి, “చూసినవా, అన్ని ఇనబడ్తున్నయ్,” అన్నాడు. ఆడియాలజిస్ట్ మా వైపు తిరిగింది.

“సర్, తను విని నొక్కట్లేదు. నా భుజం కదిలినప్పుడల్లా నొక్కుతోంది. కుర్చీ అటు తిప్పుతాను, చూడండి.”

కుర్చీని గోడ వైపు తిప్పారు. లావుపాటి చప్పుళ్లకు రెండుసార్లు మీట మోగింది. ఆ తర్వాత మోగలేదు. ఆడియాలజిస్ట్ చెయ్యి చప్పుడును ఒక్కొక్క మెట్టే పెంచుతూ పోతోంది, కాగితం మీద గీత కిందికి దిగుతోంది. అమ్మాయి వీపు నిటారుగా ఉంది. బొటనవేలు మీట మీదే సిద్ధంగా ఉంది. జవాబు తెలిసిన ప్రశ్న కోసం ఎదురుచూస్తున్న పిల్లలా కూర్చుంది.

సన్నటి చప్పుళ్లు దాదాపు పోయాయని, మొరటు చప్పుళ్లు ఇంకా కొంత మిగిలాయని, అవి కూడా నిలిచేలా లేవని ఆమె చెప్పింది. పోయింది తిరిగి రాదు. వినికిడి యంత్రాలు పెడితే ఉన్నది ఉపయోగపడుతుంది. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా పెట్టుకోవాలి, లేకపోతే మెదడు చప్పుళ్లను గుర్తుపట్టడం మరచిపోతుంది. ఆరేళ్లప్పుడు వచ్చి ఉంటే చాలా తేడా ఉండేదని అడగకపోయినా చెప్పింది. తర్వాత కలం తీసుకుని అడిగింది. “మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా ఇట్లా చిన్నప్పటి నుంచి చెవుడు ఉందా?”

“ఎవరికీ లేదు,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

సాయంత్రం ఇంట్లో విషయం చెప్పినప్పుడు అత్తమ్మ ఒప్పుకోలేదు. “చెవుడా? మా ఖాన్దాన్‌ల ఎవరికి లేదు. డాక్టర్లు ఊకె పరేషాన్ చేస్తరు.”

“అత్తమ్మా, మీ చిన్న ఆడబిడ్డ పిలిస్తే పలకకపోతుండె అంటిరి గదా?”

“ఆమెది చెవుడు గాదు బిడ్డా. మొండితనం. ఎనక నుంచి ఎంత ఒర్రు, పని చేసుకుంటనే ఉంటుండె. మా మామ కట్టె తీస్కొని కొడ్తుండె. కొడితే గప్పుడు తిరిగి చూస్తుండె.” అక్కడ ఆమె గొంతు కొంచెం తడబడింది. అయినా ఆపలేదు. ఆపితే ఏమవుతుందో తెలిసినట్టు చెబుతూ పోయింది. “లగ్గమైన ఏడాదికే తోలేసిండ్రు, మాట ఇనదని. ఈడనే ఉన్నది. ముప్పయ్యేండ్లకు పోయింది. సడక్ మీద నడుస్తుంటె ఎనక నుంచి లారీ వచ్చింది. హారన్ మీద హారన్ కొట్టిండట ఆ డ్రైవరు. జరగలే. అందరు అన్నరు, చావుల సుత మొండితనం పోలే అని.”

 అమ్మాయి మా మూడు ముఖాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ కూర్చుంది. అత్తమ్మ, ఎవరినీ చూడకుండా, “గది మొండి గాదా మరి?” అన్నది.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ పోలికలు చెప్పలేదు. నా భర్త మాత్రం మర్నాటి నుంచి అమ్మాయిని బడికి నడిపించుకుని వెళ్లడం మొదలుపెట్టాడు, రోడ్డు వైపు తాను ఉండి.

యంత్రాలు వచ్చాయి. పెట్టిన రోజు అమ్మాయి భోజనం మధ్యలో లేచి నిలబడింది. తన నోటిలో అప్పడం విరుగుతున్న చప్పుడుకు ఆమెకు అసహ్యం వేసింది. ఫ్యాను, గిన్నెలు, పక్క గదిలో నానమ్మ దగ్గు, అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయన్నది. అలవాటవుతుందని ఆడియాలజిస్ట్ చెప్పింది. కొంత అలవాటైంది. బడికి పెట్టుకుని వెళ్లేది. జుట్టు చెవుల మీదికి దువ్వుకునేది. మార్కులు పెరిగాయి. టీచర్ ఫోన్ చేసి, పిల్ల మారిపోయిందని సంతోషించింది. కానీ ఇంటి గడప దాటి లోపలికి రాగానే, చెప్పులు విడవకముందే, యంత్రాలు తీసి డబ్బీలో పెట్టేసేది.

నెలలు గడిచినా ఆ అలవాటు మారలేదు. ఒక రోజు నా భర్త ఆమె ఎదురుగా కూర్చుని, మెల్లగా అడిగాడు. “బడిల పొద్దంతా పెట్టుకుంటవ్ గదరా. ఇంట్లనే ఎందుకు తీస్తవ్? మాతోని మాట్లాడ బుద్ధి కాదా?”

“బడిల వాళ్లు ఏమంటున్నరో నాకు తెల్వది డాడీ. ఇనాలె గదా.” ఆగి, అతన్ని నొప్పించకూడదన్నట్టు కొంచెం నవ్వింది. “ఇంట్ల మీరేమంటరో నాకు తెలుసు.”

 పదేళ్లపాటు ఆమె ఇష్టాలని మేము పేరు పెట్టినవాటిలో ఏవి ఆమెవో, ఏవి ఆ జబ్బు చేయించినవో ఇప్పుడు తేల్చలేను. డప్పు మీద ఇష్టం ఆమెదేనా? ఒంటరిగా బొమ్మలు వేసుకోవడం ఆమెకు నిజంగా ఇష్టమేనా, లేక మరో దారి లేక కుదురుకున్నదా? అడిగాను కూడా. “నాకేం తెలుసమ్మా,” అన్నది. కానీ ఇంట్లో వినకూడదన్నది మాత్రం ఆమె పూర్తి తెలివితో, మాటల్లో పెట్టి చెప్పిన మొదటి ఇష్టం. అది పోయే దశ అనుకోవడానికి మాకిప్పుడు ధైర్యం లేదు. ఆమె స్వభావమని ఒప్పుకోవడానికి వీలు లేదు. ఒప్పుకుంటే మిగిలిన వినికిడి కూడా ఊరికే పోతుంది.

పన్నెండో ఏట, మొన్న జనవరిలో, మళ్లీ పరీక్ష చేశారు. మొరటు చప్పుళ్ల దగ్గర కూడా గీత దిగడం మొదలైంది. ఎడమ చెవిలో ఎక్కువగా. ఇంట్లో కూడా పెట్టుకుని తీరాలని, లేకపోతే ఉన్న సమయం వృథా అవుతుందని ఆడియాలజిస్ట్ ఈసారి కొంచెం కఠినంగానే చెప్పింది. ఎంత సమయం ఉందని అడిగితే చెప్పలేనన్నది.

ఇంటికి వచ్చాక అమ్మాయి గదిలోకి వెళ్లాను. డబ్బీ బల్ల మీద ఉంది. ఆమె మంచం మీద కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. నా ముఖం మీద వెలుతురు పడేలా కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఆమె చెయ్యి తట్టాను. తలెత్తి నా పెదవుల వైపు చూసింది. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న వాక్యం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు.

“పెట్టుకోనమ్మా,” అన్నది.

కోపంగా అనలేదు. నేను ఇంకేదో చెప్పబోయాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను మాట్లాడటం ఆపేశాను.